పాత కొండల ఫోటోలకు మెరుగు పెట్టండి, ముసుగు వేయకండి

"బ్రో, మే నెలలో మనాలి వెళ్తున్నాం. కెమెరాకి ఏ ఫోన్ బెస్ట్?" ట్రిప్పుల సీజన్ వచ్చిందంటే ఫోన్ల గురించి రాసేవాళ్లెవరికైనా ఈ ప్రశ్న తప్పదు. బడ్జెట్ అడిగి, రెండు మూడు మోడల్స్ పేర్లు చెప్పి పంపించేయొచ్చు. నేను మాత్రం ఈమధ్య ఎదురు ప్రశ్న వేస్తున్నా: "పోయినసారి వెళ్లిన ట్రిప్ ఫోటోలు ఏం చేశావ్?"

దాదాపు అందరూ చెప్పేది ఒకటే. నాలుగు ఇన్‌స్టాలో పడ్డాయి, ఇరవై వాట్సాప్ గ్రూప్‌లో తిరిగాయి, మిగతా ఆరు వందలు క్లౌడ్‌లో ఎక్కడో ఉన్నాయి. వాటిని మళ్లీ తెరిచి చూసినవాళ్లు తక్కువ. "అప్పటి ఫోన్ కెమెరా అంత బాగుండేది కాదులే" అని వదిలేస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. కొండల ఫోటోలు బాగుండాలంటే కొత్త ఫోన్ కన్నా ముందు చేయాల్సినవి రెండు పనులున్నాయి. ఒకటి, ఉన్న ఊళ్లోనే, ఉన్న ఫోన్‌తోనే రోజుకో ఫోటో తీయడం. రెండు, ఆ అలవాటుతో పదునెక్కిన కన్నుతో పాత ట్రిప్ ఫోటోలను మళ్లీ ఎడిట్ చేయడం. రెండూ పైసా ఖర్చు లేని పనులే. కాకపోతే ఆ రెండో పనిలో ఒక గీత ఉంది. గీతకి ఇవతల ఉన్నంతసేపు అది మన ఫోటో. అవతలికి వెళ్తే మంచి వాల్‌పేపర్, అంతే. ఇప్పుడొస్తున్న ఏఐ టూల్స్ ఆ గీత దాటడాన్ని ఒక్క ట్యాప్ పని చేసేశాయి. నా గొడవంతా దాని గురించే.

మీ పాత కెమెరా అంత పనికిరానిదేం కాదు

ముందు లెక్క చూద్దాం. మా బాబాయి వాళ్లు 2012లో చార్‌ధామ్ యాత్రకి వెళ్లినప్పుడు పట్టుకెళ్లింది చిన్న 10 మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరా. ఫోటో సైజు 3648×2736. ఏ4 కాగితం మీద 300 డీపీఐతో ప్రింట్ వేయడానికి కావాల్సింది 3508×2480. అంటే ఆ పాత డబ్బా కెమెరా ఫోటోని ఈరోజు ఏ4 సైజులో ప్రింట్ తీయిస్తే చుక్క పిక్సెల్ కూడా తక్కువ కాదు. ఫోన్ స్క్రీన్ మీద చూడటానికైతే ఇంకా తక్కువ చాలు: ఫుల్ హెచ్‌డీ ప్లస్ డిస్‌ప్లే 1080×2400 అనుకుంటే అది 2.6 మెగాపిక్సెల్ దగ్గర.

ఇప్పటి 200 మెగాపిక్సెల్ ఫోన్లు కూడా మామూలు మోడ్‌లో పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తున్నాయి. కొత్త ఫోన్లు గెలిచేది చీకట్లో, డైనమిక్ రేంజ్‌లో, జూమ్‌లో. పట్టపగలు ఎండలో తీసిన కొండ ఫోటోలో మాత్రం పాత కెమెరాకి, కొత్త ఫోన్‌కి మనం అనుకునేంత తేడా లేదు. తేడాలో చాలా భాగం ప్రాసెసింగ్‌లోనే ఉంది. ఆ ప్రాసెసింగ్ మనమే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

ఒక షరతు ఉంది. చేతిలో ఒరిజినల్ ఫైల్ ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సాధారణంగా 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంటే 10 మెగాపిక్సెల్ కాస్తా 2 దగ్గరికి వచ్చేస్తుంది. హెచ్‌డీగా పంపే ఆప్షన్ 2023 ఆగస్టులో గానీ రాలేదు. తీసిన తేదీ, షట్టర్ స్పీడ్ లాంటి వివరాలు దాచుకునే ఎగ్జిఫ్ సమాచారం కూడా ఆ దారిలో పోతుంది. గూగుల్ ఫోటోస్‌లో 2021 జూన్ 1 వరకు "హై క్వాలిటీ" పేరుతో అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఉచితంగా ఉండేది. అందులో పెట్టినవి కంప్రెస్ అయ్యాయి, 16 మెగాపిక్సెళ్లు దాటినవి అక్కడికి కుదించుకుపోయాయి. అయినా వాట్సాప్ కాపీ కన్నా ఇది ఎంతో నయం. కాబట్టి ఎడిటింగ్ మొదలుపెట్టేముందు పాత మెమరీ కార్డులు, ల్యాప్‌టాప్ డ్రైవ్‌లు, అటక మీది సీడీలు వెతకండి. కార్డులూ సీడీలూ ఎప్పటికీ ఉండవు. ఈ వెతుకులాట వాయిదా వేసేకొద్దీ నష్టమే.

కొండకి ముందు డాబా

రోజూ ఫోటో తీయడం ఎందుకు? కొండలకి మనం ఏడాదికోసారో, రెండేళ్లకోసారో వెళ్తాం. అక్కడ ఉండేది నాలుగు రోజులు. చలి, ఆయాసం, గైడ్ తొందర. అక్కడికెళ్లి వెలుతురు గురించి నేర్చుకుందాం అంటే కుదరదు. నేర్చుకోవాల్సింది ఇంటి దగ్గర. విచిత్రం ఏంటంటే, మంచు కొండల మీద కెమెరాకి ఎదురయ్యే చిక్కులన్నీ హైదరాబాద్‌లో మా డాబా మీద కూడా ఉన్నాయి.

మొదటిది తెలుపు. కెమెరా ఎదురుగా ఉన్నదంతా కలిపితే సుమారు 18 శాతం బూడిద రంగు అవుతుందన్న అంచనాతో ఎక్స్‌పోజర్ లెక్కేస్తుంది. ఫ్రేమ్ నిండా తెలుపే ఉంటే దాన్నీ బూడిద చేసేస్తుంది. ఇప్పటి ఫోన్లు సీన్‌ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గానీ, పాత కెమెరాలు, పాత ఫోన్లు ఈ విషయంలో చాలా అమాయకం. దండెం మీద ఆరేసిన తెల్ల పంచెని ఫ్రేమ్ నిండా పెట్టి తీసి చూడండి. తర్వాత ఎక్స్‌పోజర్‌ని ప్లస్ 1కి జరిపి ఇంకోటి తీయండి. ఆ తేడా ఒక్కసారి కంటికి తెలిస్తే, పాత ట్రిప్ ఫోటోల్లో మంచు సిమెంటు రంగులో ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. "వాతావరణం బాలేదు" అనుకుని పక్కన పడేసిన ఫోటోల్లో సగం నిజానికి ఎక్స్‌పోజర్ తగ్గినవే.

రెండోది నీడ. పొద్దున్న పూట తెల్లగోడ మీద పడిన నీడని తీసి జూమ్ చేయండి. అది నల్లగానో బూడిదగానో ఉండదు, నీలంగా ఉంటుంది. అక్కడికి సూర్యుడి వెలుగు నేరుగా రాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగే వస్తుంది. మంచు మీది నీడా అంతే. చాలామంది పాత మంచు ఫోటో తెరవగానే "నీలం ఎక్కువైంది" అని వైట్ బ్యాలెన్స్ స్లైడర్‌ని పసుపు వైపు లాగేస్తారు. నీడలు బూడిదవుతాయి, ఎండ పడిన మంచు నెయ్యి రంగులోకి దిగుతుంది. నీలం అంతా తప్పు కాదు. ఎండ పడిన మంచు తెల్లగా ఉండి, నీడ మాత్రమే నీలంగా ఉంటే ఆ ఫోటో నిజమే చెప్తోంది.

మూడోది దూరం. చలికాలం పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద నిలబడితే బుద్ధుడి విగ్రహం కొంచెం మసకగా, ఆ వెనక బిల్డింగులు ఇంకా మసకగా, వాటి వెనకవి దాదాపు ఆకాశంలో కలిసిపోయి కనిపిస్తాయి. ఆ మసకే మనకి దూరాన్ని చెప్తుంది. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయేది కూడా ఇందుకే. ఎడిటింగ్ యాప్‌లో డీహేజ్ స్లైడర్‌ని చివరిదాకా లాగితే ఆ వరసలన్నీ ఒకే అట్టముక్కలా అతుక్కుపోతాయి. లంబసింగి, వంజంగి వెళ్లొచ్చినవాళ్ల పోస్టుల్లో ఇది రోజూ చూస్తుంటాం. మేఘాల సముద్రం కాస్తా నలిగిన దూదిలా తయారవుతుంది. పొగమంచు చూడటానికే అంతదూరం వెళ్లి, ఇంటికొచ్చాక దాన్నే తుడిచేయడం ఏం న్యాయం?

నాలుగోది రంగు ఎంతసేపు ఉంటుందన్నది. సూర్యోదయం వేళ ఎదురు బిల్డింగ్ మీది వాటర్ ట్యాంక్‌ని అయిదు నిమిషాలకోసారి తీయండి. గులాబీ రంగు ఎంత పలచగా మొదలవుతుందో, ఎంత తొందరగా పసుపులోకి జారిపోతుందో తెలుస్తుంది. 2017లో చోప్తా నుంచి తుంగనాథ్ మీదుగా చంద్రశిల ఎక్కినప్పుడు నా ఫోన్‌తో తీసిన ఫోటోల్లో 7,138 మీటర్ల చౌఖంబా మీద ఆ గులాబీ రంగే ఉంది. దాన్ని ఈమధ్య మళ్లీ ఎడిట్ చేస్తున్నప్పుడు శాచురేషన్ ఎక్కడ ఆపాలో చెప్పింది హిమాలయాల జ్ఞాపకం కాదు. ఎనిమిదేళ్ల కిందటి రంగు అంత కచ్చితంగా ఎవరికి గుర్తుంటుంది? చెప్పింది రోజూ చూసే ఆ వాటర్ ట్యాంకే.

పద్ధతి సింపుల్. ముప్పై రోజులు, రోజుకో ఫోటో, మెయిన్ లెన్స్ మాత్రమే, ఫిల్టర్ వద్దు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే జేపెగ్‌తో పాటు రా ఫైల్ కూడా సేవ్ చేయండి. కంప్రెస్ చేయని 12 మెగాపిక్సెల్ రా ఫైల్ 24 ఎంబీ దాకా ఉంటుంది. నెలకి 1 జీబీ కూడా దాటదు. ఒక్కో ఫోటోకి ఒక్క లైన్ రాసుకోండి: టైం ఎంత, వెలుగు ఎటు నుంచి, కంటికి ఎలా కనిపించింది. ఆ మూడో ముక్క ముఖ్యం. కంటికి కనిపించినదానికీ ఫోన్ ఇచ్చినదానికీ మధ్య తేడా రాసుకుంటూ పోతే మీ ఫోన్ ఎక్కడ రంగు పూస్తుందో, ఎక్కడ నీడల్ని బలవంతంగా లేపుతుందో అర్థమైపోతుంది. ఏ రివ్యూ అయినా, నేను రాసేవైనా సరే, మీకు అంత చెప్పలేదు.

తిరిగి వచ్చేది ఏది, రానిది ఏది

ఇప్పుడు పాత ఫోటో తెరుద్దాం. స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ మొబైల్, కంప్యూటర్‌లో అయితే డార్క్‌టేబుల్, రాథెరపీ. ఏదైనా పర్లేదు. స్నాప్‌సీడ్, డార్క్‌టేబుల్, రాథెరపీ పూర్తిగా ఉచితం. ముందు ఒరిజినల్‌ని వేరే ఫోల్డర్‌లో కాపీ చేసి పెట్టి, దాని జోలికి పోకండి.

జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 10 బిట్ రా అయితే 1024, 12 బిట్ రా అయితే 4096. ఆండ్రాయిడ్‌లో రా సపోర్ట్ 2014లో లాలీపాప్‌తో, ఐఫోన్‌లో 2016లో ఐఓఎస్ 10తో వచ్చింది. అంతకు ముందు ఫోన్ ఫోటోలూ, చాలావరకు చిన్న డిజిటల్ కెమెరాల ఫోటోలూ జేపెగ్‌లే. కాబట్టి పరిమితులు తెలుసుకుని దిగాలి.

నీడల్లో ఉన్నది చాలావరకు తిరిగి వస్తుంది, కొంచెం నాయిస్‌తో. ఎక్స్‌పోజర్ తగ్గి బూడిదైన మంచు బాగానే తెల్లబడుతుంది. వంకరగా ఉన్న హొరైజన్, తప్పిన వైట్ బ్యాలెన్స్, తగ్గిన కాంట్రాస్ట్ ఇవన్నీ సరిచేసుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన ఆకాశం మాత్రం రాదు. మూడు రంగుల్లోనూ 255కి చేరిపోయిన చోట సమాచారం ఏమీ మిగల్లేదు. హైలైట్స్ స్లైడర్ దాన్ని తెలుపు నుంచి బూడిదకి మారుస్తుంది తప్ప మేఘాల్ని వెనక్కి తీసుకురాలేదు. అలాంటి ఫోటోని అలాగే ఒప్పుకోండి, లేదా ఆకాశం తగ్గేలా క్రాప్ చేయండి, లేదా బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. తెల్లటి ఖాళీ ఆకాశం బ్లాక్ అండ్ వైట్‌లో చాలాసార్లు చక్కగా కుదురుతుంది.

వరస కూడా ముఖ్యమే. ముందు హొరైజన్, క్రాప్. తర్వాత వైట్ బ్యాలెన్స్. తర్వాత ఎక్స్‌పోజర్, హిస్టోగ్రామ్ కుడి అంచుకి దగ్గరగా వచ్చి తగలకుండా. తర్వాత నీడలు, బ్లాక్ పాయింట్. డీహేజ్ పది పదిహేను దగ్గర ఆపి, అవసరమైతే వెనక కొండల మీద మాత్రమే సెలెక్టివ్‌గా ఇంకొంచెం. నాయిస్ తగ్గించడం, షార్ప్‌నెస్ చివర్లో. అయ్యాక ఫోన్ పక్కన పెట్టేసి మర్నాడు చూడండి. రాత్రి పన్నెండింటికి అద్భుతంగా అనిపించిన ఎడిట్ పొద్దున్నే చూస్తే పెళ్లి ఫ్లెక్సీలా కనిపించొచ్చు. అప్పుడు అన్ని స్లైడర్లూ సగానికి తగ్గించండి.

అసలు గీత ఇక్కడుంది

ఇంతవరకు చేసినదంతా ఆ రోజు సెన్సర్ మీద పడిన వెలుగుతో చేసిందే. దాన్ని పెంచాం, తగ్గించాం, సర్దాం. ఇక మిగిలింది ఏఐ మెనూ. ఆకాశం మార్చే టూల్ ఫోటోషాప్‌లో 2020లోనే వచ్చింది. 2021లో పిక్సెల్ 6తో మ్యాజిక్ ఎరేజర్, 2023లో ఫోటోషాప్ జెనరేటివ్ ఫిల్, అదే ఏడాది పిక్సెల్ 8తో మ్యాజిక్ ఎడిటర్. ఇప్పుడు మధ్యరకం ఫోన్లలో కూడా ఏదో ఒక పేరుతో ఇవి ఉన్నాయి. టెక్నాలజీగా నాకూ ఇవి ముచ్చటే. పాత కొండల ఫోటోల మీద వీటిని వాడటం గురించే నాకు భయం. ఎందుకో చెప్తా.

బాబాయి ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉంది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి నడిచే దారిలో రాంబాడా దగ్గర టీ కొట్టు. చినుకులు పడుతున్నాయి. బెంచీ మీద మా నానమ్మ, చేతిలో టీ గ్లాసు. వెనక నీలం పాలిథిన్ పట్టా, వేలాడుతున్న చిప్స్ ప్యాకెట్లు, కదిలిపోయిన కంచర గాడిద, కరెంటు తీగ, ఎవరో నలుగురు యాత్రికులు. కంపోజిషన్ పరంగా చూస్తే ఫ్రేమ్ నిండా చెత్తే. ఒక ఫోన్‌లో ఆ ఫోటో తెరిస్తే ఆ తీగ, ఆ గాడిద, వెనక మనుషులు అన్నిటినీ అదే గుర్తుపట్టి "తీసేయమంటారా?" అని అడిగింది.

2013 జూన్‌లో చోరాబరి సరస్సు తెగి మందాకిని మీద పడినప్పుడు రాంబాడా కొట్టుకుపోయింది. కేదార్‌నాథ్ గుడి చుట్టూ కిక్కిరిసి ఉన్న లాడ్జీలు, కొట్లు చాలావరకు పోయాయి. చిక్కుకుపోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు. తర్వాత కట్టిన కేదార్‌నాథ్ వేరు. గుడికి వెళ్లే దారి వెడల్పయింది, గుడి వెనక వరదలో కొట్టుకొచ్చిన బండరాయి ఉంది. ఈరోజు ఎంత ఖరీదైన ఫోన్ పట్టుకెళ్లినా 2012 నాటి ఆ టీ కొట్టు ఫోటో తీయలేం. ఏఐ "అడ్డం" అని గుర్తుపట్టిన ఆ పట్టా, ఆ గాడిద, ఆ జనం, ఆ తీగ. ఆ ఫోటోలో ఇప్పుడు విలువైనవి సరిగ్గా అవే. ఫోటో చూపిస్తే బాబాయి అన్నది ఒక్క మాటే: "ఆ కొట్టాయన ఏమయ్యాడో రా."

ముఖాల సంగతి ఇంకో రకం. ఆ ఫోటోలో నానమ్మ ముఖం చిన్నగా, అరవై డెబ్భై పిక్సెళ్ల వెడల్పులో ఉంది. ముఖాలు "హెచ్‌డీ" చేసే ఒక యాప్‌లో వేసి చూశా. చర్మం నున్నగా, కళ్లు మెరుస్తూ, నవ్వులో తీరుగా పేర్చినట్టు పళ్లు. మా నానమ్మకి అప్పటికే ముందు పళ్లు రెండు లేవు. యాప్ చేసింది ఆవిడ ముఖాన్ని బాగుచేయడం కాదు, వేరే ఆవిడని తెచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టడం. పిక్సెళ్లలో లేని సమాచారాన్ని ఆ మోడల్ తను చూసిన లక్షల ముఖాల నుంచి ఊహించి నింపుతుంది. చూడటానికి నమ్మేలా ఉంటుంది, అందుకే ప్రమాదం. మనవాళ్లలో ఆవిడని చూడని పిల్లలు రేపు ఆ ముఖమే నానమ్మ అనుకుంటారు.

ఇంటి సంగతి దాటి చూసినా కొండల ఫోటోలు సాక్ష్యాలు. జార్జ్ మాలరీ 1921లో ఎవరెస్ట్ ఉత్తరం వైపు రొంగ్‌బుక్ హిమానీనదాన్ని ఫోటో తీశాడు. 2007లో డేవిడ్ బ్రషియర్స్ అదే చోటు వెతుక్కుని వెళ్లి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెడితే మంచు ఎంత దిగిపోయిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మాలరీ ఫోటోలో మంచు ఎవరో అందం కోసం గీసినదైతే ఆ పోలికకి అర్థమే లేదు. మీరు తీసిన రోహ్‌తాంగ్, తుంగనాథ్ ఫోటోలు కూడా ఇరవై ఏళ్ల తర్వాత ఇలాంటి పోలికకి పనికిరావచ్చు. ఆ రోజు మంచు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకే ఉంచండి.

"అన్నీ ఎడిట్ చేసినవే కదా బ్రో" అనేవాళ్లకి

ఈ వాదన నిజాయతీగానే ఎదుర్కోవాలి. ఫోన్ కెమెరా నొక్కగానే చాలా ఫ్రేములు కలిపి, నీడలు లేపి, రంగు సర్ది ఇస్తుంది. మరి మనం చేస్తే తప్పేంటి? నా జవాబు: ఫ్రేములు కలపడం వేరు, కల్పించడం వేరు. నైట్ మోడ్‌లో పదిహేను ఫ్రేములు కలిపినా ఆ వెలుగంతా ఆ క్షణంలో ఆ లెన్స్‌లోంచి వచ్చిందే. 2023 మార్చిలో ఒక రెడిట్ యూజర్ కావాలనే మసకగా చేసిన చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, బొమ్మలో లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ని గుర్తుపట్టాక సీన్ ఆప్టిమైజర్ ఏఐతో వివరాలు పెంచుతుందని కంపెనీ వివరణ ఇచ్చింది. అప్పుడు మనందరం ఎంత గోల చేశాం! మన పాత ఫోటోల్లో మనమే చంద్రుణ్ని అతికిస్తే మాత్రం అది "క్రియేటివిటీ" ఎలా అవుతుంది?

ఇంకో వాదన ఆన్సెల్ ఆడమ్స్ పేరుతో వస్తుంది. కొండల ఫోటోలకి గురువు లాంటివాడు, ఆయనా డార్క్‌రూమ్‌లో బోలెడంత మార్చేవాడు కదా అని. నిజమే. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం ఫోటో తీసి, అదే నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేశాడు. తర్వాతి ప్రింట్లలో ఆకాశం దాదాపు నల్లబడిపోయింది. పాత ఫోటోని మళ్లీ మళ్లీ పని చేయడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కానీ చంద్రుడు ఉన్నచోటే ఉన్నాడు, శ్మశానంలోని శిలువలూ వెనక మంచు కొండలూ కదల్లేదు. ఇంకో ఫోటో ఉంది. 1944లో లోన్ పైన్ నుంచి తీసిన సియెరా నెవాడా సూర్యోదయం. అక్కడి కొండ మీద స్కూలు పిల్లలు పేర్చిన పెద్ద పెద్ద ఎల్, పీ అక్షరాలుండేవి. ఆడమ్స్ వాటిని ప్రింట్‌లో కనపడకుండా చేశాడు. అంటే ఆయనా గీత దాటాడు. దాటానని తన పుస్తకంలో రాశాడు కూడా. అందుకే ఈరోజు మనకి తెలుసు.

నేను ఆశించేదీ అంతే. చెరిపేస్తే చెరిపేశామని చెప్పండి. మీ ఫోటో మీ ఇష్టం, ఇన్‌స్టా కోసం కుర్‌కురే ప్యాకెట్ తీసేస్తే ఆకాశం విరిగి పడదు. కాప్షన్‌లో ఒక్క మాట రాయండి, ఒరిజినల్ దాచండి. ఫోన్ కంపెనీలు కూడా మెల్లగా ఈ దారికే వస్తున్నాయి. 2024లో గెలాక్సీ ఎస్24 నుంచి శాంసంగ్ తన ఏఐ ఎడిట్ల మీద వాటర్‌మార్క్ వేస్తోంది. పిక్సెల్ 10లో సీ2పీఏ పద్ధతిలో ఫోటో ఎలా తయారైందో ఫైల్‌లోనే రాసిపెడుతున్నారు. నా వరకైతే కెమెరా రివ్యూల్లో జూమ్ ఎంత, నైట్ మోడ్ ఎలా అనేవాటితో పాటు "ఏది తీసిందో, ఏది ఊహించిందో ఈ ఫోన్ చెప్తుందా?" అనే ప్రశ్నకి కూడా మార్కులు వేయాల్సిన రోజు వచ్చేసింది.

మరి కొత్త ఫోన్ కొనొద్దా?

కొనండి. రాత్రి ఆకాశం, మిల్కీ వే, చీకట్లో క్యాంప్ ఫోటోలు కావాలంటే కొత్త సెన్సర్లు నిజంగానే చాలా ముందున్నాయి. టెలిఫోటో లెన్స్‌తో దూరపు శిఖరాన్ని దగ్గరికి లాగితే వచ్చే అందం పాత ఫోన్లకి సాధ్యం కాదు. రా ఫైల్ తీయగలగడం, స్టోరేజ్ ఎక్కువుండటం, చలిలో బ్యాటరీ తట్టుకోవడం కూడా చూసుకోండి. కానీ ముప్పై రోజులు రోజుకో ఫోటో తీసి, ఒక పాత ట్రిప్‌ని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ ఎడిట్ చేశాక కొనండి. అప్పుడు మీకు ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది. చాలామందికి తక్కువైంది జూమ్ అని తేలుతుంది, మెగాపిక్సెల్స్ కాదు. కొందరికి అసలేం తక్కువ కాలేదని తేలుతుంది. వాళ్లకి ఆ డబ్బుతో ఇంకో ట్రిప్.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో ఎవరిదైనా పాత కొండల యాత్ర ఒక్కటి తీసుకోండి. తిరుమల మెట్లదారైనా, అరకు రైలైనా, అమర్‌నాథ్ అయినా. ఒరిజినల్స్ వెతికి, రెండు చోట్ల కాపీ పెట్టండి. అందులోంచి పది ఫోటోలు ఏరి, స్లైడర్లతో మాత్రమే బాగుచేయండి. ఒకటి ప్రింట్ తీయించి, ఆ యాత్రకి వెళ్లొచ్చిన పెద్దవాళ్ల చేతిలో పెట్టండి. వాళ్లు ముందు చూసేది కొండని కాదు, వెనక ఉన్న కొట్టునో, పక్కన నిలబడ్డ మనిషినో. వాళ్లు చెప్పే పేర్లు, ఊళ్లు, సంగతులు ఆ ప్రింట్ వెనక పెన్నుతో రాసుకోండి. ఆ వివరాలు ఏ మోడల్ దగ్గరా దొరకవు.